దొరికిన వస్తువుల గది

ఆ వానాకాలంలో నేను పది అబద్ధాలు రాశాను. శుక్రవారానికి ఒకటి చొప్పున, మధ్యాహ్నం రెండింటి లోపల, గుండ్రటి దస్తూరితో. శుక్రవారాలు నిజానికి పన్నెండు. మొదటి రెండు వారాలూ మేమెవరమూ ఏ పనీ మొదలుపెట్టలేదు కాబట్టి అబద్ధమాడే అవసరం రాలేదు.

మా కాలేజీలో ఆఖరి సంవత్సరం నలుగురేసి జట్టుగా ఒక సాఫ్ట్‌వేర్ తయారుచెయ్యాలి. అది ఎవరో ఒక నిజమైన మనిషికి పనికిరావాలని ప్రాజెక్టు మేడమ్ షరతు. ప్రతి శుక్రవారం ఒక ప్రగతి పత్రం ఆవిడ బల్ల మీద ఉండాలి. టైపు చేస్తే ఒకరిది చూసి ఒకరు దించేస్తారని చేత్తోనే రాయమనేవారు. అందులో నాలుగు గడులు. ఈ వారం ఏం పూర్తయింది, ఏం మిగిలింది, ఎవరు ఏ పని చేశారు. నాలుగోది, దీన్ని వాడబోయే మనిషి దగ్గర ఈ వారం ఎవరు ఎంతసేపు కూర్చున్నారు. కింద నలుగురి సంతకాలు. జట్టు నాయకురాలిని నేనే కాబట్టి రాసే పనీ నాదే. నాలుగో గడిలో ప్రతివారం ఒక అడ్డగీత గీసేదాన్ని. వంకర పోకూడదని స్కేలు కూడా వాడేదాన్ని.

జట్టులో నేను, కళ్ళజోడు, రేపు, మా అన్నయ్య. కళ్ళజోడు అనే అమ్మాయి ఫొటోలు, వెతుకులాట పనులు తన మీద వేసుకుంది. కంప్యూటరు తెరకి ముక్కు ఆనించి కూర్చుంటే పక్కన పిడుగు పడ్డా తల తిప్పేది కాదు. రేపు మగపిల్లాడు. ఏ పని ఎప్పుడవుతుందని అడిగినా ఆ ఒక్క మాటే చెప్పేవాడు, అదే పేరై కూర్చుంది. పని మాత్రం చేసేవాడు, కాకపోతే ఎల్లుండి.

అన్నయ్య నాకంటే రెండేళ్ళు పెద్ద. ఒక ఏడాది తప్పి, ఇంకో ఏడాది హాజరు చాలక ఆగి, చివరికి నా క్లాసులోకి వచ్చి పడ్డాడు. ఈసారి ప్రాజెక్టు పోతే కాలేజీ జాబితాలోంచి పేరే తీసేస్తారు. ఆ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు, ఇంట్లో గోడలకి కూడా తెలుసు.

మా నాన్న అచ్చాఫీసులో ఫోర్‌మన్. అన్నయ్య తప్పిన రోజు నుంచీ నాన్న వాడితో నేరుగా మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు, కొట్టలేదు, మాట్లాడటం మానేశాడంతే. పదహారు నెలలు. వాడు మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నా, "మీ అన్నని ఆ ఫ్యాను కట్టెయ్యమను" అని నాతో అనేవాడు. నేను తలతిప్పి, నాన్న ఫ్యాను కట్టెయ్యమంటున్నాడని చెప్పేదాన్ని. అన్నయ్య లేచి కట్టేసి, కట్టేశానని చెప్పు అనేవాడు. ఇద్దరి మధ్యా మాటలు మొయ్యలేక నా తలప్రాణం తోకకి వచ్చేది. ఈసారి కూడా పోతే బైండింగు విభాగంలో జిగురు రాసే పనిలో పెట్టించేస్తానని నాన్న అమ్మతో అన్నాడు, వాడికి వినపడేలా.

ఎలాగైనా సరే వాణ్ణి గట్టెక్కించాలని నేను నిశ్చయించుకున్నాను. ఎవరూ నన్ను అడగలేదు. వాడు అసలే అడగలేదు.

మాకు దొరికిన పని బస్టాండులోది. ఏడో ప్లాట్‌ఫారం వెనక పొడుగాటి గది ఒకటుంది. మూడు గోడలకీ ఇనుప అరలు. జనం బస్సుల్లో మరిచిపోయినవన్నీ అక్కడికే చేరేవి. మేము మొదటిసారి వెళ్ళిన రోజు వాన దంచుతోంది, ఒక గోడంతా గొడుగులే. నల్ల గొడుగులే నలభై ఒకటి. తక్కిన అరల్లో క్యారేజీలు, ఎక్స్‌రే కవర్లు, ఒంటి చెప్పులు, ఒక పళ్ళసెట్టు, ఒక కుట్టుమిషను. కుట్టుమిషను బస్సులో ఎలా మరిచిపోతారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ గదిని ముప్పై ఏళ్ళుగా ఒక్కావిడే చూసుకుంటోంది. డ్రైవర్లు, క్లీనర్లు, టికెట్ల కిటికీలో వాళ్ళు, అందరూ ఆవిణ్ణి పిన్నిగారనే పిలిచేవారు. మా పరీక్షల తర్వాతి సెలవుల్లో ఆవిడ రిటైరవుతుంది. ఆ తర్వాత వచ్చే మనిషికి ఏది ఎక్కడుందో తెలియాలి కదా, అందుకని అంతా కంప్యూటర్లో పెట్టమని పైవాళ్ళ కోరిక. పిన్నిగారు తన పని గురించి పది నిమిషాలు చెప్పింది. వస్తువు, తేదీ, బస్సు నంబరు, ఫొటో అని కళ్ళజోడు రాసుకుంది. పోగొట్టుకున్నవాళ్ళు ఇంట్లో కూర్చునే ఫొటోలు చూసి తమది పట్టేసుకోవచ్చని మాకు అక్కడికక్కడే తట్టింది. మొత్తం అర్థమైపోయిందనుకుని లేచాం. వాన తగ్గాక వస్తానని అన్నయ్య మాత్రం అక్కడే ఉండిపోయాడు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం వాడు ల్యాబుకి ఎగనామం పెట్టేవాడు. ఎక్కడికంటే బస్టాండుకి అనేవాడు. ఏం చేస్తున్నావంటే కూర్చుంటున్నా అనేవాడు. చదువంటే భయపడ్డ మనిషి దాక్కోవడానికి ఒక చోటు వెతుక్కున్నాడని నేననుకున్నాను. జాలి వేసింది. ఆ జాలిలో కాస్త గొప్ప కూడా ఉంది, ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మూడో శుక్రవారం మొదటి అబద్ధం రాశాను. గదిలో పనిచేసేవాళ్ళు తమ పేరు, రహస్య పదం కొట్టి లోపలికి వెళ్ళే పేజీ ఒకటుంటుంది. లాగిన్ పేజీ అంటారు. అది నేనే రెండు గంటల్లో చేశాను. మూడో గడిలో దాని ఎదురుగా అన్నయ్య పేరు రాశాను. సంతకానికి కాగితం ఇస్తే వాడు చదవకుండానే, గుమ్మంలో పార్సెలు తీసుకుంటున్నవాడిలా గీకి ఇచ్చేశాడు. ఆ తర్వాతి వారం పాస్‌వర్డ్ మార్చుకునే భాగం వాడి పేరున వేశాను, ఆపై వారం తేదీల పట్టిక. నా పని కొంచెం కొంచెంగా కోసి వాడి పళ్ళెంలో వడ్డిస్తున్నట్టుండేది నాకు.

పని కూడా జోరుగానే సాగింది. ఇరవై శాతం, నలభై, డెబ్భై, తొంభై. అక్కడ బండి ఆగిపోయింది. వరసగా నాలుగు శుక్రవారాలు తొంభై శాతమే రాశాను. మిగిలిన పది శాతంలో ఏముందమ్మా అని మేడమ్ ఒకసారి అడిగారు. పరీక్షించి చూడటం ఉంది మేడమ్ అన్నాను. ఎవరి దగ్గర పరీక్షిస్తారని అడిగితే నేను కళ్ళజోడు వైపు తిరిగాను. కళ్ళజోడు అందుకుని, అన్ని విధాలా మేడమ్ అంది.

ఎనిమిదో వారంలో ఒక ఆదివారం అన్నయ్య ఒక పొడుగు నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. నాన్న లోపలి గదిలో పేపరు చదువుకుంటున్నాడు. అమ్మ బట్టలు మడతపెడుతోంది. వానలకి అవి ఆరక ఇల్లంతా ముక్కిన వాసన.

"ఫొటోలు పెట్టకూడదే," అన్నాడు.

ఎందుకంటే చెప్పుకొచ్చాడు. వాడు అంతసేపు మాట్లాడగా వినడం నాకు ఆ ఏడాదిలో అదే మొదలు. పిన్నిగారు వచ్చినవాళ్ళకి ఏ వస్తువూ చూపించదట. అర వైపు చూడనివ్వదు కూడా. ముందు వాళ్ళ చేత చెప్పిస్తుంది. నల్లదా అని అడగదు, అడిగితే ఎవడైనా అవునంటాడు. ఏ రంగు అని అడుగుతుంది. ఆ వారమే ఒకాయన వాచీ కోసం వచ్చాడట. నల్ల పట్టీ, గుండ్రటి ముఖం అని గడగడా చెప్పాడు. పట్టీకున్న చిల్లుల్లో ఏ చిల్లు సాగిపోయిందండీ అని పిన్నిగారు అడిగింది. ఇంట్లో ఆవిణ్ణి అడిగొస్తానని వెళ్ళినవాడు మళ్ళీ మొహం చూపించలేదు. రెండు రోజులకి ఒక ముసలాయన వచ్చి, నాలుగో చిల్లమ్మా, ఈమధ్య మనిషిని తగ్గిపోయి మూడోదానికి మార్చాను అని చెప్పి వాచీ పట్టుకెళ్ళాడు.

"ఫొటో చూపించావనుకో, ఎవడిదైనా ఎవడైనా అడుగుతాడు. పిన్నిగారి తర్వాత వచ్చేవాళ్ళకి ఏ ప్రశ్న అడగాలో తెలియదు. అందుకే రాశాను," అని పుస్తకం తెరిచాడు.

రెండువందల పద్నాలుగు వస్తువులు. ఒక్కోదానికి మూడేసి ప్రశ్నలు, పక్కన జవాబులు. నలభై ఒక్క నల్ల గొడుగులకీ వేరువేరుగా. పిడి వంకరా తిన్ననా అని కాదు, పిడి ఎలా ఉంటుంది. ఎన్నో ఊచ వంగింది. మూసి కట్టే పట్టీకి బొత్తామా, ఇంకేమైనానా. ఒకదానికి, లోపలివైపు ఏ రంగు దారంతో కుట్టారు అని ఉంది. నేను రెండు పేజీలు తిప్పి మూసేశాను. నిజం చెప్పాలంటే రెండు పేజీలు కూడా పూర్తిగా చదవలేదు. ఫొటోలకి మేడమ్ మార్కులు వేస్తారని, కళ్ళజోడు నెల రోజులు వాటి మీదే కూర్చుందని, ఇప్పుడు మార్చడం కుదరదని చెప్పాను. ఈ గొడవంతా మానేసి లాగిన్ పేజీ గురించి కాస్త చదువుకోమన్నాను, వైవా నోటిపరీక్షలో అడుగుతారని.

"లాగిన్ పేజీకీ నాకూ ఏంటి సంబంధం?"

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. ఆరు వారాలుగా ఏమేం వాడి పేరున రాశానో వరసగా చెప్పాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను. వాడు పుస్తకం అట్ట మీద వేలు పెట్టాడు.

"మరి ఇది?"

"అది పని కాదన్నయ్యా. అది ఊరికే కూర్చోవడం," అన్నాను.

సరిగ్గా అప్పుడే లోపల్నించి నాన్న గొంతు వినిపించింది. మీ అన్న ప్రాజెక్టు ఎంతవరకూ వచ్చిందట అని నన్ను అడుగుతున్నాడు. తొంభై శాతం అయిపోయింది నాన్నా, అన్నయ్య భాగం మొత్తం పూర్తి అని గట్టిగా చెప్పాను. పేపరు పక్కకి జరిగింది. నాన్న తలుపులోంచి అన్నయ్య వైపు చూసి తలూపాడు. మాటేమీ లేదు, తలూపడమే. పదహారు నెలల్లో వాడికి దక్కింది అదొక్కటే. అమ్మ చేతిలో చొక్కా అలాగే పట్టుకుని ఉండిపోయింది.

ఆ వచ్చిన శుక్రవారం అన్నయ్య ప్రగతి పత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. నాలుగో గడిలో అడ్డగీత దగ్గర కాసేపు ఆగాడు. సంతకం పెట్టి ఇచ్చేశాడు. ఆ రోజు నేను ఊపిరి పీల్చుకున్నాను, అది కూడా చెప్పాలి.

వైవా రోజుకి వానలు వెనకబట్టాయి. ల్యాబులో కిటికీలన్నీ తెరిచారు. మేడమ్ ప్రతి జట్టునీ తమ పని వాడబోయే మనిషిని వెంటబెట్టుకు రమ్మన్నారు. పిన్నిగారు ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ముందు కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు బొమ్మలన్నీ తెర మీద పరిచింది. చక్కగా వచ్చాయి, కాదనను. గొడుగులు ఒక వరస, సంచులు ఒక వరస. రేపు ప్రయాణికుడి వేషం కట్టి, నా గొడుగు పోయిందండీ అంటూ తెర మీద ఒక గొడుగు నొక్కాడు. ఇది నాదే అని మీట వచ్చింది. నొక్కాడు. వచ్చి తీసుకువెళ్ళవచ్చు అని పచ్చరంగులో అక్షరాలు వచ్చాయి.

పిన్నిగారు ముందుకు వంగి చూసింది. ఈ బొమ్మలు ఎవరెవరు చూస్తారమ్మా అని నెమ్మదిగా అడిగింది. ఎవరైనా చూడొచ్చండీ, ఇంట్లో కూర్చుని అని కళ్ళజోడు సంతోషంగా చెప్పింది. పిన్నిగారు వెనక్కి తిరిగి అన్నయ్యని చూసింది.

"నువ్వు వీళ్ళకి చెప్పలేదా నాయనా?"

అన్నయ్య నా వైపు చూడలేదు. చూస్తే ఎవరు ఏమనుకుంటారోనని కాబోలు, కిటికీ వైపు చూశాడు. చెప్పాడండీ, నేనే వినలేదు అనడానికి నాకు రెండు మూడు క్షణాలు సమయం ఉంది. అవి గడిచిపోయాయి.

మేడమ్ పన్నెండు పత్రాలూ ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టారు. అన్నయ్య వంతు వచ్చింది. రహస్య పదం మూడుసార్లు తప్పు కొడితే తలుపు మూసుకుపోవాలి, అది నీ లాగిన్ పేజీలో ఎక్కడ రాశావో చూపించు అన్నారు. అన్నయ్య కంప్యూటరు దగ్గరికి వెళ్ళాడు. కుర్చీలో కూర్చోలేదు. మౌసు మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"ఇది నేను రాయలేదు మేడమ్. మా చెల్లెలు రాసింది."

మరి పన్నెండు వారాలు నువ్వేం చేశావని అడిగారు. వాడు భుజం మీద సంచీ పట్టీ సరిచేసుకున్నాడు. పిన్నిగారు ఉండబట్టలేక, ఆ పుస్తకం చూపించవయ్యా, నీ సంచీలోనే ఉందిగా అంది.

"అది రిపోర్టులో లేదు పిన్నిగారూ," అన్నాడు అన్నయ్య.

ఎవరినీ దెప్పి అన్న మాట కాదు. వానొస్తోందని చెప్పినట్టు చెప్పాడు. నాకు మాత్రం ఆ ల్యాబులో నేల కుంగితే బాగుండుననిపించింది.

మేడమ్ పుస్తకం అడిగి తీసుకున్నారు. పావుగంట సేపు చదివారు. తర్వాతి జట్టు వాళ్ళు గుమ్మంలో నిలబడి కాళ్ళు మార్చుకుంటున్నారు. పుస్తకం మూసి, బాగుంది, మీ జట్టు మొత్తం చేసినదాంట్లో ఇదే బాగుంది అన్నారు. తర్వాత పన్నెండు పత్రాలనీ సరిచేసి పిన్ను గుచ్చారు.

వారం తర్వాత ఫలితాలు వచ్చాయి. కళ్ళజోడు, రేపు పాసయ్యారు. నేను బొటాబొటీగా పాసయ్యాను. అన్నయ్య పేరు ఎదురుగా తప్పుడు వివరాలపై సంతకం అని రాసి ఉంది. జాబితాలోంచి పేరు తీసేశారు.

ప్రాజెక్టు గురించి వెనక్కి తిరిగి చూసుకుని ప్రతి ఒక్కరం రెండు పేజీలు రాసివ్వాలి. మళ్ళీ చెయ్యాల్సి వస్తే ఏం మార్చుకుంటారు అన్నది ప్రశ్న. సమయపాలన, జట్టులో సమన్వయం అని అందరూ రాసేదే మొదట రాశాను. చించేసి, జరిగింది జరిగినట్టు రాసి మేడమ్ గదికి పట్టుకెళ్ళాను. ఆవిడ నిలబెట్టే చదివారు. కోపగించుకుంటే కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. ఆవిడ కోపగించుకోలేదు.

"నాలుగో గడి ఎందుకు పెట్టాననుకున్నావమ్మా? అందులో మీ అన్న పేరు పదిసార్లు రాసుంటే చాలు, పాసైపోయేవాడు. లేని పని రాసి ఉన్న పని కొట్టేశావు. ఇప్పుడు నా దగ్గరున్నది, చెయ్యని పని తనదేనన్న అతని సంతకమే," అన్నారు.

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడ్చాక ముక్కు తుడుచుకుని ఇంటికి వెళ్ళాను, ఏడుపువల్ల జాబితాలు మారవు కాబట్టి.

ఇంట్లో భోజనాల దగ్గర నాన్న, సోమవారం ఎనిమిదింటికల్లా అచ్చాఫీసుకి రమ్మని మీ అన్నతో చెప్పు అన్నాడు. ఈసారి నేను తల తిప్పలేదు. చెప్పను నాన్నా అన్నాను. అమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. వాడు తప్పడానికి కారణం నేనని, వాడు మూడు నెలలు చేసిన పని దాచేసి నా పని వాడి నెత్తిన రుద్దానని మొత్తం చెప్పాను. నాన్న విన్నాడు. ముప్పై ఏళ్ళుగా ప్రూఫులు చూసే మనిషి, విన్నదాన్ని కూడా దిద్దుకుంటూ వింటాడు.

"పన్నెండుసార్లు ప్రూఫు నీ చేతికొచ్చింది. ఒక్కసారి కూడా దిద్దబుద్ధి కాలేదా?" అన్నాడు.

అన్నయ్య అమ్మ వైపు తిరిగి, తను అచ్చాఫీసుకి వెళ్ళడం లేదని, పిన్నిగారు పైవాళ్ళతో మాట్లాడిందని, ఆరు నెలల ఒప్పందం మీద ఆ గదిలో పనికి రమ్మన్నారని చెప్పాడు. నాన్న చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ రాత్రి నుంచి నా ద్వారా మాట్లాడటం కూడా మానేశాడు. ఇంట్లో ఫ్యాను ఎవరికి వాళ్ళే కట్టేసుకున్నాం.

సెలవుల్లో నేను ఆ సాఫ్ట్‌వేర్ మళ్ళీ మొదటి నుంచి రాశాను. ఈసారి మార్కుల్లేవు, శుక్రవారాల్లేవు. కళ్ళజోడు వచ్చి తను నెల రోజులు కష్టపడ్డ ఫొటోలన్నీ తన చేత్తోనే తీసేసింది. రేపు కూడా చెప్పిన రోజుకే వచ్చాడు, మేము కాసేపు నమ్మలేదు. నేను రోజూ గదిలో ఒక మూల బల్ల దగ్గర కూర్చుని అన్నయ్య ప్రశ్నలు ఎక్కించేదాన్ని. పిన్నిగారు ఆఖరి వారం దాకా వాడి పక్కనే కూర్చుంది. వెళ్ళే రోజు తాళాల గుత్తి ఇచ్చి, అర వైపు చూడకుండా మనిషి వైపు చూడు అని చెప్పి, తన గొడుగు గదిలోనే మరిచిపోయి వెళ్ళింది. మర్నాడు వస్తే అన్నయ్య ఆవిడనీ మూడు ప్రశ్నలూ అడిగాడు. ఆవిడ నవ్వుతూనే చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టి పట్టుకెళ్ళింది.

ఇంకో పది రోజులకి, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, నేను కంప్యూటరు వైర్లతో కుస్తీ పడుతుంటే కిటికీలో నాన్న కనిపించాడు. పని బట్టల్లోనే ఉన్నాడు. వేళ్ళకి సిరా. మా నాన్న నేనెరిగినంతలో ఒక్క వస్తువు పోగొట్టుకున్నవాడు కాదు. ఆయన కలానికి కూడా జేబుకి కట్టిన దారం ఉంటుంది.

ఆయన కిటికీలోంచి నన్ను చూశాడు. "పొద్దున పన్నెండో నంబరు బస్సులో నా క్యారేజీ మరిచిపోయానని చెప్పు మీ అన్నకి," అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు అన్నయ్య అందుకున్నాడు. రిజిస్టరు తెరిచి, తల ఎత్తకుండా,

"పోగొట్టుకున్నవాళ్ళే చెప్పాలి. ఇంకొకళ్ళ చేత చెప్పించకూడదు. ఇక్కడి రూలు," అన్నాడు.

నాన్న వెనక వరసలో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆయన వాళ్ళ వైపు ఒకసారి, అన్నయ్య వైపు ఒకసారి చూశాడు. వెళ్ళిపోతాడేమోననుకున్నాను. నా చేతిలో వైరు అలాగే ఉంది.

"క్యారేజీ," అన్నాడు, నేరుగా వాడితో.

"ఎన్ని గిన్నెలు?"

"మూడు."

"పైగిన్నె మూత ఎలా ఉంటుంది?"

"సొట్ట పడింది. నువ్వు చిన్నప్పుడు మెట్ల మీంచి పడేశావు."

అన్నయ్య కలం ఆగింది. మళ్ళీ రాసుకున్నాడు. మూడో ప్రశ్న, లోపల ఏముంది. మీ అమ్మ పొద్దున కట్టిచ్చిన భోజనం, ముట్టుకోలేదు అన్నాడు నాన్న. క్యారేజీకి రాసిపెట్టిన ప్రశ్నలు అక్కడితో అయిపోయాయి. నాకు తెలుసు, కొత్తగా వచ్చే క్యారేజీలకి ఆ మూడే, ఎక్కించింది నేనే కదా. ఇక లేచి అరలోంచి తీసి ఇచ్చెయ్యాలి.

"ఎందుకు తినలేదు?" అన్నాడు అన్నయ్య.

నాన్న రిజిస్టరు తనవైపు తిప్పుకుని, వాడు రాసిన వరస మొత్తం వేలు పెట్టి చదివాడు. జేబులోంచి దారంతో సహా కలం తీసి, తేదీలో ఒక అంకె దిద్ది, సంతకం చేశాడు. అన్నయ్య క్యారేజీ తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు. నాన్న దాన్ని తీసుకోలేదు.

"నీకు భోజనం టైము ఎన్నింటికి?" అని అడిగాడు.

"ఒకటిన్నరకి."

నాన్న గోడ గడియారం వైపు చూశాడు. ఇంకా పన్నెండు నిమిషాలుంది. క్యారేజీని అక్కడే వదిలేసి, వెనకవాళ్ళకి దారి ఇచ్చి, వెళ్ళి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. పొద్దున బస్సులో దాన్ని ఆయన మరిచిపోయాడా, కావాలని వదిలేశాడా అని నేను ఎప్పుడూ అడగలేదు. అన్నయ్య వరసలో తర్వాతి మనిషిని ఏం పోయిందండీ అని అడిగాడు, గొంతు కొంచెం సవరించుకుని.